తల మీది బరువు, మోకాలి మీది భారం
(పాడేరులో చేసిన స్మారకోపన్యాసం పూర్తిపాఠం)



ఈ స్మారకోపన్యాస ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబం, మన్యంలో నర్సుగా పనిచేసిన తమ తల్లి స్మృతిలో ఏటా ఒక ఆరోగ్య విషయం మీద ఉపన్యాసం జరగాలని సంకల్పించింది. టీకాల పెట్టె భుజాన వేసుకుని, బండి వెళ్ళని ఊళ్ళకు కాలినడకన వెళ్ళిన తరం ఆమెది. ఆ తరం పోరాడింది ప్రాణాలు తీసే జబ్బులతో: మలేరియా, విరేచనాలు, కానుపు కష్టాలు. ఆనాడు వాళ్ళ చేతుల మీదుగా బతికి బట్టకట్టిన పిల్లలు, గట్టెక్కిన బాలింతలు ఇవాళ యాభై, అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళయ్యారు. వాళ్ళలో ఎందరో ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని గడప దగ్గరే కూర్చుంటున్నారు. ఆ నర్సమ్మలు ప్రాణం నిలిపారు. నిలిచిన ప్రాణానికి నడక మిగల్చడం మన వంతు. అందుకే ఈ ఏడాది ఉపన్యాసానికి కీళ్ళ అరుగుదలను, డాక్టర్లు ఆస్టియో ఆర్థ్రైటిస్ అనే జబ్బును, ముఖ్యంగా మోకాలి నొప్పిని ఎంచుకున్నాను.

నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. మోకాలి నొప్పికి పట్నంలో ఇచ్చే మొదటి సలహా ఒళ్ళు తగ్గమని. మన కొండల్లో బరువు ఒంట్లో లేదు, తల మీద ఉంది. ఆ బరువు దించే బాధ్యత రోగి ఒక్కరిదే కాదు. ఊరిది, వైద్యశాఖది, రోడ్లు వేసేవారిది, కొళాయి పెట్టేవారిది కూడా.

కీలులో జరిగేది

మోకాలి నొప్పితో వచ్చినవారికి మనం సాధారణంగా చెప్పే మాట "గుజ్జు అరిగిపోయింది" అని. ఆ మాట విన్న మనిషి రెండింటిలో ఒకటి చేస్తుంది. ఉన్న కాస్తా అరిగిపోతుందేమోనని భయపడి కదలడం మానేస్తుంది. లేదంటే అరిగినదానికి మందేముంటుందని పళ్ళు బిగించి మళ్ళీ కట్టెల మోపు ఎత్తుకుంటుంది. రెండు దారులూ జబ్బును పెంచేవే.

ఎముకల చివర్లను కప్పుతూ కీలులో నున్నటి మృదులాస్థి ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. కీలులోని జిగురు ద్రవమే దానికి ఆహారం. కాలు మోపినప్పుడు అది తడి స్పాంజిలా నొక్కుకుని ద్రవాన్ని వదులుతుంది, కాలు ఎత్తినప్పుడు తిరిగి పీల్చుకుంటుంది. అంటే కదలిక లేకపోతే దానికి తిండి లేదు. దానిలోని కణాలు రోజువారీ చిన్న చిన్న నష్టాలను తామే బాగుచేసుకుంటూ ఉంటాయి. ఏళ్ళ తరబడి మోయలేనంత భారం పడితే, పాత దెబ్బ ఏదైనా ఉంటే, వయసు పైబడితే, వంశపారంపర్యంగా ఆ గుణం వస్తే బాగుచేసే వేగం చాలదు. పొర పలచబడుతుంది. కింది ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో మొలకలు వేస్తుంది. కీలు లోపలి పొర వాచి నీరు పడుతుంది. నొప్పి వల్ల కాలు వాడక తొడ కండరం సన్నబడుతుంది. కండరం సన్నబడ్డకొద్దీ కీలు మీద మరింత భారం పడుతుంది. కాబట్టి ఇది గుజ్జు ఒక్కదాని జబ్బు కాదు, కీలు మొత్తానికి వచ్చే జబ్బు. మృదులాస్థిని కొత్తగా మొలిపించే మందు ఇప్పటికి లేదు. కానీ కండరాన్ని ఏ వయసులోనైనా పెంచవచ్చు, భారాన్ని ఏ రోజైనా తగ్గించవచ్చు. మన ఆశ అంతా ఆ రెండింటి మీదే.

2020 నాటికి ప్రపంచంలో సుమారు 59 కోట్ల 50 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అంతర్జాతీయ అంచనా. పురుషుల కన్నా స్త్రీలకు ఎక్కువ, అందులోనూ నెలసరి ఆగిన తరువాత మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో జబ్బు తీవ్రతను అంచెలుగా చెప్పే పద్ధతిని 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు ఇంగ్లండ్ వైద్యులు ఏర్పరిచారు. నేటికీ అదే వాడుతున్నాం. అయితే ఎక్స్‌రేకూ నొప్పికీ అన్నిసార్లూ పొంతన కుదరదు. ఎక్స్‌రేలో కీలు బాగా చెడినట్టు కనిపించినా కొందరు హాయిగా నడుస్తారు, కొద్దిపాటి మార్పుకే కొందరు నిద్రపోలేరు. అందుచేత "మీ ఎక్స్‌రే బాగోలేదు, ఇక నడక లేదు" అని ఎవరికీ తీర్పు చెప్పకూడదు.

కొండ వేసే లెక్క

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాలపాటు పరిశీలించారు. ఐదు కిలోలు తగ్గిన స్త్రీలలో నొప్పితో కూడిన మోకాలి అరుగుదల ముప్పు దాదాపు సగానికి పడిపోయిందని 1992లో తేల్చారు. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో మరో పరిశోధన చూపింది. ఇవి నిజాలు, గొప్ప నిజాలు. ఇదే సలహాను ముంచింగిపుట్టులోనో పెదబయలులోనో నలభై అయిదు కిలోల తల్లికి చెప్పి చూడండి. ఆమె ఏం తగ్గాలి?

జర్మనీలో కృత్రిమ మోకీలు అమర్చినవారి కీలు లోపలే కొలత పరికరం పెట్టి, కీలు మీద ఎంత భారం పడుతోందో 2010లో లెక్కించారు. చదునైన నేల మీద నడిచేటప్పుడు ఒంటి బరువుకు రెండున్నర రెట్లకు పైగా, మెట్లెక్కేటప్పుడు మూడు రెట్లకు పైగా, దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. దిగుడే ఎక్కువన్నది గమనించండి. కొండ దిగేటప్పుడే నొప్పి ఎక్కువని మన ఆడవాళ్ళు చెప్పే మాట కొలతతో రుజువైంది. ఈ లెక్కన నలభై అయిదు కిలోల మనిషి ఉత్త చేతులతో మెట్లు దిగితే మోకాలి మీద పడేది సుమారు 157 కిలోలు. తల మీద ఇరవై కిలోల మోపు ఉంటే సుమారు 227 కిలోలు. ఉజ్జాయింపు లెక్కే అయినా, ఆ డెబ్బై కిలోల తేడా ప్రతి అడుగులోనూ ఉంటుంది.

ఇప్పుడు మన ఏడాదిని ఒకసారి తలచుకుందాం. వానాకాలంలో పల్లపు మడుల్లో వరి నాట్లు, వంగి చేసే పనులు. చోడి, సామ చేలల్లో గొంతు కూర్చుని కలుపు తీయడం. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్ల కోత, నిండిన బస్తాలతో వాలు దిగడం. ఆ తరువాత కొండచీపుళ్ళు, అడ్డాకులు, వంటచెరకు. ఇవన్నీ కాక రోజూ ఊట దగ్గర నుంచి నీళ్ళు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపో నుంచి నెలనెలా బియ్యం: అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. దారి బాగుంటే ఆ 35 కిలోలు ఒక ఆటో ఖర్చు. దారి లేకపోతే ఒక జత మోకాళ్ళ ఖర్చు.

కొండవాళ్ళకు అలవాటే, వాళ్ళకేం కాదు అనేవారున్నారు. 1986లో కెన్యాలో ఒక పరిశోధన జరిగింది. అక్కడి స్త్రీలు తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా తల మీద మోసినా అదనపు శక్తి ఖర్చు కావడం లేదని తేలింది. అద్భుతమైన నైపుణ్యం అది, మన అక్కచెల్లెళ్ళ నడకలోనూ ఆ తూకం కనిపిస్తుంది. కానీ ఆ పరిశోధన కొలిచింది ఊపిరిని. మోకాలి మీద పడే భారాన్ని కాదు. ఇంకొక సంగతి చూడండి. చైనాలో బీజింగ్ స్త్రీలు ఫ్రామింగ్‌హామ్ స్త్రీల కన్నా సన్నగా ఉన్నా, వాళ్ళలోనే మోకాలి అరుగుదల ఎక్కువని 2001లో తేలింది. ఏళ్ళ తరబడి గొంతు కూర్చోవడం అందుకు ఒక కారణమని తరువాత చూపారు. మోకాళ్ళు మడిచి బరువులెత్తే పనులు చేసిన మగవారికి ముప్పు రెట్టింపని ఫ్రామింగ్‌హామ్ లోనే 1991లో తేలింది. కాబట్టి బక్కగా ఉన్నవారికి ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు. మన్యంలో ఇది చాకిరీతో వచ్చే జబ్బు. అలాగే చూడాలి, అలాగే లెక్కగట్టాలి.

ఏది ఈ నొప్పి, ఏది కాదు

ఆశ కార్యకర్తలు ఈ భాగాన్ని శ్రద్ధగా వినాలని కోరుతున్నాను. నలభై అయిదేళ్ళు దాటిన మనిషికి పని చేస్తే పెరిగి, కూర్చుంటే తగ్గే నొప్పి ఉందా? పొద్దున్న లేవగానే పట్టేసినట్టుండి అరగంటలోపే సర్దుకుంటోందా? అయితే అది అరుగుదలే అనుకోవచ్చు. కీలు కటకటమనడం, ఎముక లావెక్కినట్టుండడం, కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగడం దీన్ని బలపరుస్తాయి. ఈ లక్షణాలు సరిపోతే ఎక్స్‌రే తప్పనిసరి కాదు. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి విశాఖపట్నం వెళ్ళి ఫిల్ము తీయించుకుంటే తప్ప వైద్యం మొదలుకాదన్న నియమం ఏదీ లేదు. వైద్యం ఊళ్ళోనే, ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

మోకాలు నొప్పి అన్న ప్రతి మనిషికీ అరుగుదలే అని మాత్రం అనుకోవద్దు. జ్వరంతో పాటు ఒక కీలు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకోనివ్వకపోతే అది చీము కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. ఒక్క కీలు నెలల తరబడి మెల్లగా వాస్తూ మనిషి చిక్కిపోతుంటే క్షయ పరీక్ష చేయించాలి. రెండు చేతుల వేళ్ళ కీళ్ళూ వాచి, పొద్దున్న గంటకు పైగా బిగుసుకుంటే అది వేరే రకం కీళ్ళవాతం. దానికి ప్రత్యేకమైన మందులున్నాయి, ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోతాయి. చికున్‌గున్యా తరువాత నెలల తరబడి ఉండిపోయే నొప్పులు కూడా ఉంటాయి.

మన కొండల్లో అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది సికిల్ సెల్ జబ్బు. కొడవలి ఆకారంలోకి మారిన రక్తకణాలు సన్నటి నాళాలను మూసేస్తే తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోతుంది. పాతికేళ్ళ కుర్రవాడు గజ్జలో నొప్పితో కుంటుతూ వస్తే, మోకాలు చూపించి "ఇక్కడ నొప్పి" అన్నా, తుంటిని పరీక్షించాలి. తుంటి నొప్పి మోకాలిదాకా పాకుతుంది. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్షలు అందులో భాగం. పడుచువాళ్ళ కీళ్ళ నొప్పికి మాత్ర ఇచ్చి పంపే ముందు ఆ పరీక్ష జరిగిందా అని అడగడం మన విధి.

మందు కన్నా ముందు కండరం

అరుగుదలకు ప్రపంచమంతా ఒప్పుకున్న మొదటి వైద్యం వ్యాయామం. రోజంతా చాకిరీ చేసేవారికి మళ్ళీ వ్యాయామమేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాకిరీలో కీలు మీద బరువు పడుతుంది, కానీ నొప్పి ఉన్న కాలిని మనిషి తెలియకుండానే తప్పించుకుంటాడు. రెండో కాలు మోస్తుంది, నొప్పి కాలి కండరం కరిగిపోతుంది. ఆ కండరాన్ని ప్రత్యేకంగా పెంచాలి.

నాలుగు పనులు చాలు. మొదటిది: అరుగు మీద కూర్చుని, ఒక కాలు నిటారుగా చాచి, తొడ బిగించి, అయిదారు లెక్కపెట్టేదాకా నిలిపి మెల్లగా దించాలి. రెండోది: వెల్లకిల పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండోదాన్ని తిన్నగా అడుగెత్తు లేపి దించాలి. మూడోది: పక్కకు ఒత్తిగిలి పడుకుని పైకాలిని లేపడం. తుంటి పక్క కండరం గట్టిపడితే నడకలో ఊగిసలాట తగ్గుతుంది. నాలుగోది: ఎత్తయిన బల్ల మీద నుంచి చేతుల సాయం లేకుండా లేచి నిలబడి, మెల్లగా కూర్చోవడం. ఒక్కొక్కటి పదిసార్లతో మొదలుపెట్టి, ఓపిక పెరిగినకొద్దీ పెంచుకుంటూ పోవాలి. చేస్తుంటే కొద్దిగా నొప్పి పుట్టడం సహజం. మర్నాడు పొద్దునకు కూడా ఆ నొప్పి పెరిగే ఉంటే, ఆ రోజు సగమే చేయాలి. ఫలితం తెలియడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఆ రెండు మూడు నెలలు ధైర్యం చెప్పే మనిషి కావాలి. ఊళ్ళో ఆ మనిషి ఆశ కార్యకర్తే.

దీనితోపాటు చేతికర్ర. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పయితే ఎడమ చేతిలో. కర్ర పట్టడం ముసలితనానికి గుర్తని సిగ్గుపడేవారికి నచ్చజెప్పాలి. గొంతు కూర్చునే పనులకు చిన్న ముక్కాలి పీట, కలుపుకు పొడుగు కర్ర ఉన్న పనిముట్టు, మరుగుదొడ్డిలో పట్టుకుని లేవడానికి గోడకో కొయ్య, వాలు దారికి పట్టు ఉన్న చెప్పులు. ఇరవై కిలోలు ఒక్కసారి మోసే బదులు పది చొప్పున రెండుసార్లు. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

మాత్ర, సూది, కత్తి

నొప్పికి మందు అవసరమే. నొప్పి తగ్గకపోతే వ్యాయామం సాగదు. మోకాలికి ముందుగా వాడదగినది పైపూత మందు, డైక్లోఫెనాక్ జెల్ వంటిది. అది కడుపుకూ కిడ్నీకీ చేసే హాని చాలా తక్కువ. మాత్రలు కావలసి వస్తే డాక్టరు చెప్పినన్నాళ్ళే, అన్నం తిన్న తరువాతే వేసుకోవాలి. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగకుండా పనిచేసేవారికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉద్దానం కిడ్నీ జబ్బులను కళ్ళారా చూస్తున్న ఉత్తరాంధ్రలో ఈ హెచ్చరికను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

సంతలో, ఇంటి ముంగిట "ఒక్క సూదితో నొప్పి పోతుంది" అనేవారి విషయంలో జాగ్రత్త. ఆ సూదుల్లో, పొట్లాల్లో తరచు స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. పదే పదే వాడితే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది, తుంటి ఎముకే కుళ్ళిపోవచ్చు. డాక్టరు కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ కూడా కొన్ని వారాల ఉపశమనానికే. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్ళు ఇచ్చి చూస్తే నొప్పిలో లాభం లేకపోగా మృదులాస్థి ఎక్కువ తరిగిందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల మీద డబ్బు పోయవద్దు. 2006లో 1,583 మంది మీద జరిపిన పరీక్షలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రను మించి మేలు కనిపించలేదు. కాల్షియం లోపం వల్ల అరుగుదల రాదు. చోడి అంబలి ఎముకలకు మంచి ఆహారం, తప్పక తాగండి, మోకాలి నొప్పికి మాత్రం అది మందు కాదు. వేడి కాపడం హాయినిస్తుంది, కొనసాగించండి. కాల్చి వాతలు పెట్టడం మాత్రం ఆపాలి. దానివల్ల పుండు తప్ప లాభం లేదు.

కీలులోకి గొట్టం పెట్టి కడిగే ఆపరేషన్ గురించి కూడా చెప్పాలి. 2002లో హ్యూస్టన్‌లో 180 మంది రోగుల్లో కొందరికి నిజంగా కడిగారు, కొందరికి చర్మం మీద గాటు మాత్రమే పెట్టారు. రెండేళ్ళ తరువాత రెండు గుంపులకూ తేడా లేదు. కేవలం అరుగుదలకు ఆ ఆపరేషన్ అక్కర్లేదు.

కీలు మార్పిడి మాత్రం వేరు. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ తుంటి మార్పిడికి బాటవేశాడు. 1970లలో మోకీలు మార్పిడి స్థిరపడింది. అమర్చిన మోకీళ్ళలో సుమారు 82 శాతం పాతికేళ్ళ తరువాతా పనిచేస్తున్నాయని 2019లో లెక్కతేలింది. కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో మోకీలు పరికరాల ధరలకు గరిష్ఠ పరిమితి విధించి పేదవాడికి కొంత దగ్గర చేసింది. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉండి, నెలల తరబడి వ్యాయామం, మందులు వాడినా నడక సాగకపోతే విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రిలో చూపించాలి. ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో ఆరోగ్యమిత్రను అడగాలి. వెళ్ళేముందే ఒక మాట తెలియాలి: కొత్త కీలుతో గొంతు కూర్చోవడం కష్టం, మోపులు మోయడం తగదు. ఇంట్లో ఆ ఏర్పాట్లు చేయకుండా ఆపరేషన్ చేయించి పంపితే వైద్యం సగంలో ఆగినట్టే.

ఊరు చేయవలసిన వైద్యం

ఒక ఊరికి కొళాయి వస్తే అక్కడి ఆడవాళ్ళ మోకాళ్ళ మీద నుంచి రోజుకు ఎన్ని బిందెలు దిగుతాయో ఆలోచించండి. కొండ ఊటను పైనుంచి గొట్టాలతో ఇళ్ళ దగ్గరకు పారించడం నీటిపథకం మాత్రమే కాదు, కీళ్ళ జబ్బుకు ముందుజాగ్రత్త కూడా. గ్యాస్ బండ మోపు బరువు తగ్గిస్తుంది. పీఎం జన్‌మన్ కింద 2023 నుంచి, అడవి తల్లి బాట పేరుతో 2025 నుంచి గిరిజన గూడేలకు రోడ్లు మంజూరవుతున్నాయి. డోలీలో రోగిని మోసుకొచ్చే దుస్థితి పోవాలని మనం రోడ్డు అడుగుతాం. ఆ డోలీ మోసే నలుగురి మోకాళ్ళ కోసం కూడా అడగాలి. రోడ్డు వచ్చేదాకా బియ్యాన్ని రెండు విడతలుగా తీసుకునే వీలు డిపోలో ఉండాలి. గుర్రాల మీద సరుకులు చేరవేసుకునే ఊళ్ళు మన మన్యంలో ఉన్నాయి. ఆ ఏర్పాటు ఊరుమ్మడిగా కాఫీ బస్తాలకూ సాగేలా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాయపడాలి.

వైద్యశాఖకు నా విన్నపాలు మూడు. వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010లోనే మొదలైంది. ఫిజియోథెరపీ అందులో భాగం. ఆ ఫిజియోథెరపిస్టు వారానికోసారైనా కొండమీది ఆరోగ్య కేంద్రాలకు రావాలి. రెండోది, బీపీ, చక్కెర పరీక్షించే రోజునే ఆశ కార్యకర్తలు మోకాలి నొప్పి గురించి రెండు ప్రశ్నలు అడిగి, పైన చెప్పిన నాలుగు కసరత్తులూ నేర్పాలి. మూడోది, లెక్క. మహారాష్ట్రలో భిగ్వన్ అనే ఊళ్ళో 1996లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఇంటింటికీ వెళ్ళి కీళ్ళ నొప్పుల లెక్క తీసింది. గ్రామీణ భారతంలో నొప్పి ఎంత ఉందో దాంతో వెలుగులోకి వచ్చింది. పాడేరు వైద్య కళాశాల విద్యార్థులు ఇక్కడ అదే పని చేయాలి. ఎంత మోస్తున్నారు, ఎంత దూరం, ఎంత వాలు అన్న ప్రశ్నలు ఆ పట్టికలో తప్పక ఉండాలి. లెక్కలోకి రాని నొప్పికి బడ్జెట్ రాదు.

ఇక్కడున్న కొడుకులకు, కోడళ్ళకు, మనవలకు చివరిగా ఒక మాట. మీ అమ్మ, మీ నాయనమ్మ నొప్పి అంటే వయసు మీద తోసేయకండి. ఆమె మోపు మీరు అందుకోండి, ఆమె కసరత్తు దగ్గరుండి చేయించండి, పనికిమాలిన సూదులకు ఆమెను బలిపెట్టకండి. మగవాళ్ళు నీళ్ళబిందె ఎత్తితే పరువేమీ పోదు. ఈ మన్యం సంపదను, కాఫీని, చోడిని, చీపురును కొండ దించి సంతకు చేర్చింది ఆ మోకాళ్ళే. వాటికి వైద్యం అడగడం దయాదాక్షిణ్యాలు కోరడం కాదు, చేసిన చాకిరీకి రావలసిన బాకీ అడగడం.